పొగకు పుల్లరి

మా పెద్దవాడు గొర్రెలను మెచ్చుకున్నాడంటే నాకు అనుమానం వస్తుంది. వాటి మధ్య పుట్టి పెరిగినవాడే గానీ, వాటి వాసన వాడికి పడదు. దొడ్డి వైపు రావలసి వస్తే తువ్వాలు ముక్కుకు చుట్టుకుని వస్తాడు. అలాంటివాడు ఆ మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని, "మా, గొర్రెలు ఈ ఏడు బాగా ఒళ్ళు చేసినాయి" అన్నాడు.

నేను చేతిలో ముద్ద అలాగే పట్టుకుని వాడి మొహం చూశాను.

"ఎన్నడూ లేంది వాటి ఒంటి మీద నీ కన్ను పడిందేందిరా?"

"ఊరికే అన్నాలే."

"ఊరికే అనేవాడివి కాదు. మజ్జిగ పోసుకొని అసలు సంగతి చెప్పు."

పొయ్యి దగ్గర కోడలు అటు తిరిగి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అంటే ఆమెకు ముందే తెలుసన్నమాట. ఇద్దరూ మాట్లాడుకుని, ఎవరు చెప్పాలో తేల్చుకుని నా దగ్గరికి వచ్చారు.

సంగతి మా వ్యాను గురించి. మాకొక పాత డీజిల్ వ్యాను ఉంది. మా ఆయన బతికున్నప్పుడు గిద్దలూరులో ఒక వ్యాపారి దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఆయన పోయాక పెద్దవాడు నడుపుతున్నాడు. మార్కాపురం మార్కెట్టుకు కూరగాయలు, మిరపకాయ సంచులు వేస్తాడు. దోర్నాల హోటళ్ళకు సామాన్లు తోలుతాడు. ఎండలు ముదిరితే మా వైపు బోర్లు ఎండిపోతాయి. అప్పుడు వెనక నల్ల ట్యాంకు ఎక్కించి ఊళ్ళకు నీళ్ళు పోస్తాడు. ఆ కాలమంతా వ్యానుకు తీరిక ఉండదు. మిగతా రోజుల్లో వారంలో సగం ఇంటి ముందు నీడన నిలబడే ఉంటుంది.

"గ్రీన్ ట్యాక్సు కట్టాలంట మా, పాత బండ్లకు. అది కడితేగాని ఎఫ్‌సీ, అదే బండి బాగుందనే సర్టిఫికెట్టు, ఇయ్యరంట. ఎఫ్‌సీ లేకుంటే రోడ్డెక్కనియ్యరు" అన్నాడు వాడు.

"అయితే కట్టు."

"ఒకసారితో పోయేది కాదు మా. ఏటా కట్టాల. దీనికి కడతా కూర్చునేదానికన్నా, దీన్ని తుక్కు కింద ఇచ్చేసి కొత్తది తీసుకుంటే మేలని ఏజెంటు చెప్తన్నాడు. ముందు కొంత కడితే చాలంట. తక్కింది నెలనెలా."

"ఆ ముందు కట్టే కొంత ఏడుంది?"

వాడు పళ్ళెంలోకి చూశాడు. అది దొడ్డిలో ఉంది. ఆ మాట వాడూ అనలేదు, నేనూ అనలేదు.

ఆ గొర్రెలు నావి. పొలం మీద వచ్చినవి కావు, కొడుకులు కొనిపెట్టినవీ కావు. మా పుట్టిల్లు పుల్లలచెరువు అవతల అడవి అంచున. తొలి కాన్పుకు పోయి తిరిగి వచ్చేటప్పుడు మా నాయన రెండు ఆడ గొర్రెపిల్లలను తోలి ఇచ్చాడు. ఇప్పుడున్న మంద వాటి సంతానమే. నా మందులు, నా చీరలు, చుట్టపు చావులకూ పెళ్ళిళ్ళకూ నేను పెట్టే చదివింపులు అన్నీ వాటి మీదే. పక్కింటి ముసలావిడ చెవిలో వేసుకునే చుక్కల మందుకు కోడలి మొహం చూస్తూ కూర్చోవడం నేను రోజూ చూస్తున్నాను. ఈ వయసులో మంద అమ్ముకుంటే నేనూ అలాగే కూర్చోవాలి.

గ్రీన్ అంటే పచ్చ అని నాకు తెలుసు. చదివింది మూడో తరగతే అయినా ఆ మాత్రం తెలుసు. పచ్చ మీద పన్ను అనగానే నాకు పుల్లరి గుర్తుకొచ్చింది. పుల్లరి అంటే ఇప్పటివాళ్ళకు తెలియదు. అడవిలో జీవాలను మేపుకుంటే తలకు ఇంత అని సర్కారుకు కట్టేది. నా చిన్నప్పుడు మావి కర్నూలు జిల్లా ఊళ్ళు. అడవి జవాను పొద్దున్నే దొడ్డి తలుపు దగ్గర నిలబడి, బయటికి వచ్చే జీవాలను ఒకటొకటిగా లెక్కపెట్టేవాడు. గొర్రెకు ఒక రేటు, మేకకు అంతకన్నా ఎక్కువ. మేక చిగుళ్ళు కొరుకుతుంది, చెట్టును ఎదగనివ్వదు, అందుకని. పాలు తాగే పిల్లకు పుల్లరి లేదు. అది ఇంకా గడ్డి ముట్టలేదు గదా. మా నాయన జవాన్లను తిట్టని రోజు లేదు గానీ, ఆ లెక్క మీద మాత్రం ఎప్పుడూ నోరు ఎత్తలేదు. తిన్న నోటికే పన్ను.

మరి మా వ్యాను అడవిలోకి పోదు. దోర్నాల దాకా పోతుంది, అక్కడి హోటళ్ళ ముందు ఆగుతుంది, వెనక్కి వస్తుంది. శ్రీశైలం కొండ ఎక్కి ఎరగదు. అడవి తొక్కని బండికి పచ్చ పన్ను ఏమిటి? నా కొడుకును ఎవడో పిచ్చివాణ్ణి చేస్తున్నాడని అనుకున్నాను. లేదా నా కొడుకే నన్ను చేస్తున్నాడు. ఏది నిజమో నా కళ్ళతో చూడాలని, మర్నాడు నేనూ మార్కాపురం వస్తానని చెప్పాను.

"నువ్వెందుకు మా, ఎండలో?"

"ఎండ నాకు కొత్తా? నడువు."

సద్దిమూట కట్టుకున్నాను. వాడికి హోటల్లో తినే అలవాటు ఉంది. నా ముందు అది సాగదు.

బండ్ల ఆఫీసుకు ఎదురుగా టీ బంకు ఉంది. దాని బెంచీ మీద ఏజెంటు కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చంకలో ప్లాస్టిక్ సంచి. మమ్మల్ని చూడగానే లేచి, "రా పెద్దమ్మా, కూర్చో. టీ చెప్పనా?" అన్నాడు. టీ వద్దన్నాను. అడగకుండా టీ ఇప్పించేవాడు దాని ఖరీదు ఇంకెక్కడో రాబడతాడు.

"ఆ పచ్చ పన్ను, అదే పుల్లరి, మాకెందుకు పడింది నాయనా? మా బండి అడవి మొహం చూడదు. గడ్డి పోచ తొక్కదు. కావాలంటే దోర్నాలలో ఎవరినైనా అడుగు" అన్నాను.

ఏజెంటు నన్ను చూశాడు, నా కొడుకును చూశాడు. తర్వాత గట్టిగా నవ్వాడు. బంకు ఆయన కూడా నవ్వాడు. మా వాడు తల వంచుకుని చెప్పు కొనతో నేల గీశాడు.

"పెద్దమ్మా, ఇది పుల్లరి కాదే! గ్రీన్ ట్యాక్సంటే పొగకు. పాత బండి పొగ ఎక్కువ వదుల్తది, గాలి పాడైతది. అందుకని."

"పొగకా? పొగకైతే పచ్చ అనే పేరెందుకు, నల్ల పన్ను అనొచ్చు గదా?"

"అది నన్నడిగితే నేనేం చెప్పేది? పేరు పెట్టింది నేనా?"

"సరే. మా బండి ఎంత పొగ వదిలిందని వేసినారు?"

"అట్ల ఉండదు. బండికి ఎన్నేళ్ళయింది అని చూస్తారు. ఇన్నేళ్ళు దాటితే ఇంత. అంతే."

అక్కడ నాకు మళ్ళీ అనుమానం పట్టుకుంది. వారానికి మూడు రోజులు నిలబడి ఉండే బండికీ, రాత్రనక పగలనక తిరిగే బండికీ ఒకటే పన్నా అని అడిగాను. ఒకటే అన్నాడు. మా ఊరి కంట్రాక్టరు కొత్త కారులో పెళ్ళాం పిల్లలను ఏసుకుని ప్రతి వారం హైదరాబాదు పోయి వస్తాడు, ఆయనకెంత అన్నాను. కొత్తది గదా, ఏమీ లేదన్నాడు.

"గొర్రె వయసుకు పెదవి ఎత్తి పళ్ళు చూస్తాం నాయనా. రెండు పళ్ళదా, నాలుగు పళ్ళదా, నోరు నిండిందా అని. అమ్మేటప్పుడు చూస్తాం, కొనేటప్పుడు చూస్తాం. పుల్లరికి మాత్రం ఏ జవానూ పళ్ళు చూడలేదు. ముసలిదని ఎక్కువ వెయ్యలేదు."

ఏజెంటు తెలివైనవాడు. వెంటనే అందుకున్నాడు. "ముసలి గొర్రె తక్కువ మేస్తది పెద్దమ్మా. ముసలి బండి ఎక్కువ తాగుతది. రెండూ ఒకటేనా?"

ఆ వెంటనే గొంతు తగ్గించాడు.

"ఇంకా మనకు నయం. పై దేశాల్లో అయితే పాత బండి ఊరి నడిమికి వస్తే చాలు, రోజుకింత అని కట్టాలంట. గేటు ఉండదు, మనిషి ఉండడు. స్తంభం మీద కెమెరా ఉంటది. నెంబరు చూసి ఇంటికి బిల్లు పంపిస్తది. రేపో మాపో మన పట్నాలకూ వస్తది. అప్పుడు ఈ బండేసుకొని మీవాడు ఆస్పత్రికి మనిషిని తీసుకపోయినా కట్టాల్సిందే."

"ఆ కెమెరా పొగ చూస్తదా, నెంబరు చూస్తదా?"

"నెంబరే."

"అంటే పేదోడి బండిని గుర్తుపట్టే కెమెరా."

"నువ్వు ఎట్లన్నా అనుకో." వాడు సంచిలోంచి ఒక రంగుల కాగితం తీసి నా ఒళ్ళో పెట్టాడు. తెల్లగా మెరుస్తున్న కొత్త వ్యాను బొమ్మ. "దీనికి పదేళ్ళు ఏ తలనొప్పీ లేదు. ఇప్పుడు జీవాలకు మంచి రేటు గూడా ఉంది."

నేను కొడుకు వైపు చూశాను. వాడు బంకు గోడ మీద ఏదో చదువుతున్నాడు. జీవాల సంగతి ఇంకెవరు చెప్పి ఉంటారు? పన్ను సంగతి చెప్పేవాడూ వీడే, కొత్త బండి అమ్మేవాడూ వీడే. ఆఫీసు వాళ్ళు వేసిన పన్నుకు ఆఫీసు కిటికీ ఉంది. ఆ కిటికీ దగ్గరికి పోనివ్వకుండా ఈ బెంచీ ఎందుకు అడ్డం పడుతోందో నాకు అర్థమైంది. కాగితం మడిచి వాడి సంచిలోనే పెట్టేశాను.

పన్ను కన్నా ముందు పొగ చీటీ కావాలట. కొంచెం అవతల, రోడ్డు పక్కన ఒక చిన్న బండి ఆపుకుని, లోపల కంప్యూటరు పెట్టుకుని ఒకతను కూర్చుని ఉన్నాడు. మొహానికి గుడ్డ కట్టుకున్నాడు. మా ముందు వచ్చిన బండ్ల నెంబరు ఫొటో తీసుకోవడం, మీట నొక్కడం, చీటీ చింపి ఇవ్వడం, అంతే. పక్కనే ఒక పొడుగాటి పైపు చుట్ట చుట్టి కొక్కేనికి వేలాడుతోంది. దాని మీద దుమ్ము పట్టింది.

మా వంతు వచ్చింది. ఫొటో తీశాడు.

"ఆ పైపు ఎందుకు నాయనా?" అన్నాను.

"పొగ కొలిచేదానికి అవ్వా."

"మరి కొలవలేదే?"

"ఎందుకులే. పాసైపోతది."

"పైపు పెట్టకుండానే పాసైపోతదని నీకెట్ల తెలుసు?"

అతను గుడ్డ కిందికి లాగి నా వైపు సరిగ్గా చూశాడు. చిన్న వయసే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అవ్వా, సైలెన్సరులో పైపు పెట్టి రేసు కొట్టియ్యాల. ఆ పొగ ఎవరు మింగాల? పొద్దుగూకులూ నేనే గదా. నా దగ్గు ఒకసారి వింటే నువ్వు ఈ మాట అడగవు."

మా వాడు నా మోచెయ్యి పట్టుకుని లాగాడు. "మా, ఊరుకో. ఆయన ఇస్తన్నాడు, తీసుకొని పోదాం."

"ఊరుకోను. మన బండి పొగ వదలదని కొలిచిన చీటీ నా చేతిలో ఉంటే, కిటికీ దగ్గరకి పోయి పన్ను ఎందుకని అడగొచ్చు. ఫొటో తీసిన చీటీకి ఎవడు మర్యాద ఇస్తాడు?"

"అడిగితే తగ్గిస్తారా?"

"అడగకుండా ఎవరు తగ్గిస్తారు?"

నా మాట మీద నాకు అంత నమ్మకం. ఏళ్ళ తరబడి ఆ వ్యాను ముందు సీట్లో కూర్చుని తిరిగాను. దానికి పొగ ఉందని నేనెప్పుడూ అనుకోలేదు. అతను గొణుక్కుంటూ పైపు దించి, దుమ్ము దులిపి, సైలెన్సరులోకి తోశాడు. "కొట్టన్నా రేసు" అన్నాడు. మా వాడు స్టీరింగు దగ్గర కూర్చుని నన్ను ఒక చూపు చూసి కాలు అదిమాడు.

వ్యాను వెనక నల్లటి మబ్బు లేచింది. ఒకసారి కాదు, కొట్టిన ప్రతిసారీ లేచింది. టీ బంకు దగ్గర ఎవరో, "ఏందిరా నాయనా, శవాన్ని కాలుస్తన్నారా!" అని అరిచారు. ఏజెంటు టీ గ్లాసు మీద అరచెయ్యి మూసుకుని అవతలి బెంచీకి పోయాడు. పైపు పట్టుకున్న కుర్రవాడు దగ్గుతూ లోపలికి పరుగెత్తాడు. కంప్యూటరులో ఎర్ర అక్షరాలు వచ్చాయి. వాటిని చదవమని అడగవలసిన పని లేకుండానే, "ఫెయిలు" అని వాడే పైకి చదివాడు.

"ఇందాకటి చీటీ ఇచ్చెయ్యన్నా" అని మా వాడు బతిమాలాడు.

"ఇప్పుడు కంప్యూటరు లోపలికి ఎక్కిపోయింది. నేనేం చెయ్యలేను. బాగు చేయించుకొని రా." నా వైపు తిరిగి, "చాలా అవ్వా? సంతోషమా?" అన్నాడు.

ఇంటికి పోయే దాకా నాతో మాట్లాడనని మా వాడి మొహమే చెబుతోంది. అలాంటివాడి పక్కన కూర్చోవడం నాకు ఇష్టం లేక, వెనక ఖాళీ సంచుల మీద ఎక్కి కూర్చున్నాను. ఈ బండి వెనక భాగంలో నేను కూర్చోవడం అదే మొదలు.

ఊరు దాటి ఎత్తు ఎక్కేటప్పుడు చూశాను. మేము పోయిన దారంతా నల్లటి తెర. మా వెనక కూలికి పోయి వస్తున్న ఆడవాళ్ళ ఆటో ఒకటి. దారి ఇరుకు, దాటిపోయే సందు లేదు. అందరూ కొంగులు మొహానికి కప్పుకున్నారు. ఒకామె చంటిబిడ్డను ఒళ్ళో బోర్లా పడుకోబెట్టుకుని, వాడి తల మీద కొంగు కప్పి, నాకేసి చెయ్యి ఊపుతూ అరిచింది: "ఏమమ్మా, మీ ఇంట్లో పొయ్యి లేదా? దారిలో వంట పెట్టినారు!" తక్కిన వాళ్ళు నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. నేను తల తిప్పుకున్నాను. తిప్పుకున్నా పొగ వాసన పోలేదు.

పన్ను వేసేవాళ్ళ మీద నా అనుమానం అప్పుడూ పోలేదు, ఇప్పుడూ పోలేదు. కానీ నేను అడిగిన లెక్క ప్రకారమే చూసినా మా బండి తిన్న నోరే. ఆ బిడ్డ గాలి తినేసింది.

ఇంటికి చేరాక మా వాడు నోరు విప్పాడు. "ఇప్పుడేమంటావు మా? ఆ చీటీ కూడా పోగొట్టినావు. కొత్తది తప్ప దారి లేదు. చెప్పు, ఎవరినన్నా పిలవనా గొర్రెలకు?"

"పన్ను పొగకు గదా?"

"పొగకే."

"అయితే ముందు పొగ సంగతి చూడు. గొర్రెలు ఏం చేసినాయి దానికి?"

గిద్దలూరులో మా ఆయనకు తెలిసిన బండ్ల మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. రైలుకట్ట దగ్గర షెడ్డు. అక్కడికి కూడా నేను వెళ్ళాను. మేస్త్రీలను నమ్మేది ఎట్లా? మంచి సామాను తీసి దాచుకుని పాతది బిగిస్తారు. స్టూలు అడిగి తీసుకుని, ఇంజను ఎదురుగా వేసుకుని కూర్చున్నాను. ఆయన ఒక్కొక్కటి విప్పి, "ఇది చూడమ్మా, ఇది గూడా చూడు, మళ్ళ నన్ననొద్దు" అంటూ నా ముందు పాత పేపరు మీద పెట్టాడు. గాలి పీల్చుకునే ఫిల్టరు తీస్తే అది ఫిల్టరులా లేదు, ఎర్రమట్టి ముద్దలా ఉంది.

"ఇది మార్చి ఎన్నేళ్ళయింది అల్లుడా?" అన్నాడు మేస్త్రీ.

మా వాడికి అవకాశం దొరికింది. "నేను కొత్తది తెస్తానంటే, పాతదాన్నే దులిపి వేసుకోమనింది ఎవరో అడుగు మామా."

"దులిపి వేసుకోమన్నాను. దులపకుండా వేసుకోమన్నానా?" అన్నాను.

మేస్త్రీ ఇద్దరి మధ్యకూ రాకుండా ఇంజనులోకి తల దూర్చాడు. డీజిలు చిమ్మే నాజిళ్ళు అరిగిపోయాయని, పంపు సరి చేయాలని చెప్పాడు. మారిస్తే పొగ పోతుందా అని అడిగితే, "పూర్తిగా పోదమ్మా. పాతది పాతదే. మనిషికి కనపడేంత ఉండదు" అన్నాడు. పూర్తిగా పోతుందని చెప్పి ఉంటే నేను లేచి వచ్చేసేదాన్నే.

దానికి కావలసినంత నేను ఇచ్చాను. పొట్టేళ్ళు రెండు ఉన్నాయి, ఎట్లాగూ అమ్మవలసినవే, కొంచెం ముందు పోయాయి. ఆడ గొర్రెలను ముట్టనివ్వలేదు. అమ్మిన రోజున మా వాడే ఆ పొట్టేళ్ళను తాడు పట్టి సంతకు తోలుకుపోయాడు. ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడో లేదో నేను చూడలేదు.

బాగైన తర్వాత మళ్ళీ ఆ పొగ చీటీ కుర్రవాడి దగ్గరికి పోయాము. నన్ను చూడగానే, మాట్లాడకుండా పైపు తీశాడు. రేసు కొట్టించాడు. ఈసారి నీళ్ళ ఆవిరి లాంటిది కొంచెం వచ్చి పోయింది. పాసు. "ఇట్లాంటి బండ్లు వస్తే నేను రోజూ పైపు పెడతా అవ్వా" అన్నాడు. చీటీ తీసుకుని నేను నేరుగా ఆఫీసు కిటికీ దగ్గరికి పోయాను. బెంచీ వైపు తల తిప్పలేదు.

కిటికీ లోపల ఒకమ్మాయి. నిదానంగానే మాట్లాడింది.

"పొగ తగ్గించుకొని వచ్చినాం తల్లీ. కొలిచిన చీటీ ఇది. మరి పన్ను తగ్గిస్తారా?"

"చీటీ వేరు, ట్యాక్సు వేరు పెద్దమ్మా. ట్యాక్సు బండి వయసును బట్టి. మీరు ఎంత బాగు చేయించినా అది పుట్టిన ఏడు మారదు గదా."

"అంటే పొగ మానిపించినోడికీ, మానిపించనోడికీ ఒకటే?"

"రూలు అట్ల ఉంది. మేం మార్చేది కాదు."

"ఈ డబ్బులు పొగ మింగినోళ్ళకు ఏమన్నా అందుతాయా? దారెంట పోయే ఆడోళ్ళకు, పిల్లలకు?"

ఆ అమ్మాయి నా మొహం చూసి, "నాకు తెలియదు పెద్దమ్మా" అంది. ఆ ఆఫీసులో ఆ రోజు నేను నమ్మిన మాట అదొక్కటే.

కట్టేశాము. ఎఫ్‌సీ అయింది. కట్టినందుకు నాకు బాధ లేదు. మా బండి మింగిన గాలి బాకీ ఎంతో కొంత ఉంది. కానీ అది బాకీ లెక్కన తీసుకోలేదు, వయసు లెక్కన తీసుకున్నారు. తక్కువ పొగ పెట్టిన వాడికి తగ్గిస్తామంటే, ఈ దారెంట పోయే పాత బండ్లన్నీ మేస్త్రీ దగ్గర వరుస కట్టవా? బాగు చేసుకున్నా అంతే కట్టాలంటే ఎవడు బాగు చేసుకుంటాడు? ఉన్నది అమ్ముకుని కొత్తది కొనాలి. కొనిపించడానికే వేసిన పన్నేమో అని ఒక మూల నాకు ఇప్పటికీ ఉంది.

బయటికి వస్తుంటే మా వాడు, "మళ్ళా గొర్రెల మాట ఎత్తనులే మా" అన్నాడు. నిజంగా అన్నాడో, ఆకలికి అన్నాడో తెలియదు. సద్దిమూట విప్పుదామని నీడ కోసం చూశాను.

బంకు బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. పంచె మోకాళ్ళ పైకి కట్టి, చేతిలో మడతలు పడిన బండి కాగితాలు. రోడ్డు అవతల నిలబెట్టిన పాత ట్రాలీ ఆటో ఆయనదే అయి ఉంటుంది, మాటిమాటికీ దాని వంకే చూస్తున్నాడు. ఏజెంటు ఆయనకు టీ అందించి, పక్కన కూర్చుని, కాలి మీద కాలు వేసుకుని మెల్లగా అడుగుతున్నాడు:

"ఇంటికాడ బర్రెలు ఏమన్నా ఉన్నాయా పెద్దాయనా?"

"పద మా, తినిపోదాం" అన్నాడు మా వాడు.

"నువ్వు తిను" అని సద్దిమూట వాడి చేతికిచ్చి, నేను పోయి ఆ బెంచీ మీద, ఆ ఇద్దరి మధ్య కొంచెం జరగమని చెప్పి కూర్చున్నాను.